ఇరవై నంబరు గులాబీ రంగే ఎందుకు?

మీలో నర్సు ఉద్యోగం చేసేవాళ్లకి ఈ ప్రశ్న వింటే నవ్వొస్తుంది. కాన్యులా ట్రే ముందు నిలబడగానే చెయ్యి దానంతట అదే వెళ్తుంది కదా. 18 ఆకుపచ్చ, 20 గులాబీ, 22 నీలం, 24 పసుపు. నెల్లూరులో నేర్చుకున్నా, హైదరాబాదులో నేర్చుకున్నా, ఇక్కడికొచ్చి నిజ్వాలోనో సూర్‌లోనో డ్యూటీ చేసినా ఆ రంగులు మారవు. తయారు చేసిన కంపెనీ మారినా మారవు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ రాసిపెట్టిన లెక్క అది.

నర్సులు కాని అక్కలకి పోపుల పెట్టె అని చెప్తే చాలు. ఆవాలు ఏ గిన్నెలో, మెంతులు ఏ గిన్నెలో అని మనం వెతుక్కోం. నూనె కాగుతుంటే చెయ్యే వెళ్లి తీసుకుంటుంది. ఎవరో వచ్చి గిన్నెలు మార్చి సర్దిన రోజున తెలుస్తుంది ఆ వరస విలువేమిటో. మన పోపుల పెట్టె మన ఇంటి వరకే. కాన్యులా రంగులు మాత్రం ప్రపంచమంతటికీ ఒకే పోపుల పెట్టె.

ఫోనులో, కంప్యూటర్లో కనిపించే బటన్లకీ, పట్టికలకీ, ఫారాలకీ ఇలాంటి వరస ఒకటి రాసిపెట్టుకుంటే దాన్ని సాఫ్ట్‌వేర్ వాళ్లు డిజైన్ సిస్టమ్ అంటారు. ఇప్పుడు ఆ బటన్లనీ స్క్రీన్లనీ ఏఐ అసిస్టెంట్లు గీసిపెడుతున్నాయి. మన పిల్లలు ఆ పనిలో ఉన్నారు, మరుదులు ఉన్నారు, ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న మన ఆడవాళ్లు కొందరు కొత్తగా నేర్చుకుంటున్నారు. కాబట్టి దీని చరిత్ర కొంచెం తెలుసుకుంటే నష్టం లేదు. ఇది ఒక నర్సు దగ్గరే మొదలైందని నేనంటాను. మీరు ఒప్పుకోకపోయినా చదవండి.

ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే మనకి దీపం గుర్తొస్తుంది. నర్సింగ్ స్కూల్లో చేత్తో దీపం పట్టుకుని ప్రతిజ్ఞ చేశాం కదా. ఆమె చేసిన పెద్ద పని ఇంకోటుంది. క్రిమియా యుద్ధం నుంచి 1856లో తిరిగొచ్చాక లండన్ ఆసుపత్రుల లెక్కలు తీసి చూస్తే ఒక చోటి రిజిస్టరుకీ ఇంకో చోటి రిజిస్టరుకీ పొంతన లేదు. ఒకే జబ్బుకి ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో పేరు. ఎక్కడ ఎక్కువమంది పోతున్నారో, ఎందుకు పోతున్నారో పోల్చి చూసే దారే లేదు. అందుకని విలియం ఫార్ అనే గణాంకాల నిపుణుడి సాయంతో అన్ని ఆసుపత్రులకీ ఒకే నమూనా ఫారాలు తయారు చేసి, 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంకాల మహాసభ ముందు పెట్టింది. కొన్ని ఆసుపత్రులు వాడి చూశాయి కూడా. ఏ గడిలో ఏం రాయాలి, ఏ వరసలో రాయాలి అన్నది ఒకసారి తేల్చుకుంటే ఆ తర్వాత వెయ్యి చోట్ల అదే పనికొస్తుందన్నది ఆమె ఆలోచన. నేటి డిజైన్ సిస్టమ్‌లో అసలు సంగతి ఇదే.

మనం ఉంటున్న ఊరినే చూడండి. 1970 జూలైలో సుల్తాన్ కాబూస్ గద్దె ఎక్కేనాటికి ఈ దేశం మొత్తంలో బడులు మూడే. ఆ తర్వాత చమురు డబ్బుతో ఊళ్లు ఒక్కసారిగా లేచాయి. గల్ఫ్‌లో మిగతా నగరాలు అద్దాల మేడల దారి పట్టాయి, మస్కట్ మాత్రం ఆ పక్కకి పోలేదు. ఎత్తు ఇంతే ఉండాలి, గోడలు తెలుపో లేత ఇసుక రంగో ఉండాలి అని మునిసిపాలిటీ కట్టుబాట్లు పెట్టింది. రూవీ నుంచి సీబ్ దాకా బస్సులో వెళ్తే కిటికీ తోరణాలూ, తెల్ల గోడలూ ఒకదానికొకటి చుట్టాల్లా కనిపించేది అందుకే. మొదట్లో నాకు ఇదంతా ఒకే రకంగా, విసుగ్గా అనిపించేది. ఇప్పుడు సెలవుకి ఇంటికెళ్లి మా ఊళ్లో ఒక్కో మేడకీ ఒక్కో గులాబీ, ఊదా, చిలకపచ్చ రంగు చూస్తుంటే ఎటు మొగ్గాలో తెలియడం లేదు.

కంప్యూటర్ దగ్గరికి వద్దాం. 1980ల మొదట్లో ఆపిల్ కంపెనీలో సూజన్ కేర్ అనే ఆవిడ చేరింది. మెకింటాష్ కంప్యూటర్ 1984లో బయటికొచ్చింది. అందులోని చిన్న చిన్న బొమ్మలు చాలావరకు ఆవిడ గీసినవే. కంప్యూటర్ చదువు కాదు ఆవిడది, కళ. గళ్ల కాగితం కొనుక్కుని, అటు 32 ఇటు 32 గళ్లలో ఒక్కో గడి నింపుతూ గీసింది. మన అల్లిక పని చేసినవాళ్లకి ఇది కొత్త కాదు, క్రాస్ స్టిచ్ లెక్కే. ఆపిల్ కీబోర్డు మీద నాలుగు మూలలా మెలి తిరిగిన గుర్తు ఒకటుంటుంది, చూశారా? అచ్చం మన మెలికల ముగ్గులా ఉంటుంది. స్వీడన్‌లో చూడదగ్గ చోట్లకి దారి చూపించే బోర్డు మీది గుర్తు అది. ఆవిడ ఒక గుర్తుల పుస్తకంలో వెతికి పట్టుకుంది. ఆ రోజుల్లో బొమ్మలతో పాటు రాతకోతలు కూడా మొదలయ్యాయి: మెనూ ఎక్కడుండాలి, సరే అనే బటన్ ఎక్కడుండాలి, హెచ్చరిక ఎలా పలకాలి. ఆపిల్ ఆ నియమాలని 1987లో పుస్తకంగా వేసింది.

తర్వాతి కాలాన్ని త్వరగా దాటేస్తాను. వెబ్‌సైట్లు వచ్చాయి, స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి, ఒకే కంపెనీలో పది జట్లు పది రకాల నీలం రంగులు వాడడం మొదలైంది. 2011లో ట్విట్టర్ వాళ్లు బూట్‌స్ట్రాప్ అని ఒక సామాను పెట్టె ఉచితంగా ఇచ్చారు. 2014లో గూగుల్ మెటీరియల్ డిజైన్ వచ్చింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే సేల్స్‌ఫోర్స్‌లో జీనా ఆన్, జాన్ లెవిన్ అనే ఇద్దరు డిజైన్ టోకెన్ అనే మాట వాడుకలోకి తెచ్చారు. ఈ టోకెన్ అన్నది మాత్రం నిదానంగా చెప్పుకోవాలి, ఏఐ కథంతా దాని మీదే నిలబడింది.

ఆపరేషన్ థియేటర్లో పనిచేసిన అక్కలకి సిరంజి లేబుళ్లు తెలుసు. కండరాలు సడలించే మందుకి మెరిసే ఎరుపు, మార్ఫిన్ జాతి మందులకి నీలం, మత్తు మొదలుపెట్టే మందుకి పసుపు. 2008లో దీనికీ ఐఎస్‌ఓ ప్రమాణం వచ్చింది. అక్కడ ఎరుపు అంటే అందం కోసం పెట్టిన రంగు కాదు, ఈ మందు ఊపిరి ఆపగలదు అనే మాట. టోకెన్ కూడా అంతే. స్క్రీన్ గీసేటప్పుడు ఎరుపు అని రాయకుండా ప్రమాద సూచన అని రాస్తారు. ఆ ప్రమాద సూచన ఏ రంగులో ఉండాలో ఒక్క చోట రాసి ఉంటుంది. అక్కడ మారిస్తే రెండొందల స్క్రీన్లలో ఒకేసారి మారుతుంది. అలా టోకెన్లతో కట్టిన బటన్, గడి, పట్టిక లాంటి ఒక్కో ముక్కనీ కాంపొనెంట్ అంటారు.

ఇదంతా ముస్తాబు గోల అనుకునేవాళ్లకి ఒక్క మాట. 2005లో రాస్ కోపెల్ బృందం అమెరికాలో ఒక బోధనాసుపత్రిని గమనించి జామా పత్రికలో వ్యాసం రాసింది. డాక్టర్లు మందులు కంప్యూటర్లో రాసే విధానం వల్లే తప్పు జరగగల దారులు 22 రకాలు కనిపించాయట. ఒక్క రోగి వాడుతున్న మందులన్నీ చూడడానికి ఒక్కోసారి 20 స్క్రీన్లు తిప్పాల్సి వచ్చేదట. రాత్రి డ్యూటీలో మూడు గంటలకి ఇరవై స్క్రీన్లు! మీకు చెప్పాలా. బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ వాళ్లు తేదీ ఎలా కనిపించాలో కూడా నియమం పెట్టుకున్నారు: నెలని అంకెలో కాకుండా అక్షరాల్లో రాయాలి. ఎందుకంటే 03/04 మనకి ఏప్రిల్ మూడు, అమెరికాకి మార్చి నాలుగు. ఇక్కడ ఒమాన్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ అల్ షిఫా అనే వ్యవస్థని బయట కొనకుండా సొంతంగా తయారు చేయించుకుంది. దాని మీద మన నర్సులకి చిరాకులు లేకపోలేదు, అయినా మస్కట్‌లో నేర్చుకున్నది సలాలా వెళ్లినా పనికొస్తుందంటే అది చిన్న సంగతి కాదు.

ఇక ఏఐ. 2021లో గిట్‌హబ్ కోపైలట్ అని ప్రోగ్రాం రాసిపెట్టే సాయం వచ్చింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ. ఆ తర్వాత మాటల్లో చెప్తే చాలు, రెండు నిమిషాల్లో అపాయింట్‌మెంట్ స్క్రీన్ గీసి ఇచ్చే అసిస్టెంట్లు. మొదటిసారి చూస్తే నిజంగా ముచ్చటేస్తుంది. రెండో స్క్రీన్ అడిగినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. మొదటి దాంట్లో బటన్ మూలలు గుండ్రంగా ఉన్నాయి, ఇందులో పలకలుగా ఉన్నాయి. అక్కడ ‘సేవ్’, ఇక్కడ ‘సబ్మిట్’. నీలం ఒక పిసరు ముదిరింది. అడిగింది అదే అయినా ప్రతిసారీ అది కొత్తగా ఊహిస్తుంది, కిందటిసారి ఏం చేసిందో గుర్తుండదు.

నాకు ఇది ఏజెన్సీ నర్సులా అనిపిస్తుంది. తెలివైన పిల్లే, చెయ్యి చురుకే, కానీ ప్రతి షిఫ్టుకీ కొత్తమ్మాయి. హ్యాండోవర్ సరిగ్గా ఇస్తే వార్డు నడుస్తుంది, ఇవ్వకపోతే తనకి తోచింది చేస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు ఇప్పుడు చేస్తున్నదీ హ్యాండోవరే. టోకెన్ల జాబితా, కాంపొనెంట్ల పేర్లు, ఏది ఎప్పుడు వాడాలి, ఏది ఎప్పుడూ వాడకూడదు అని ఒక ఫైల్లో రాసి, అసిస్టెంట్ పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ అది చదివేలా పెడతారు. 2024 నవంబరులో ఆంథ్రోపిక్ కంపెనీ ఎంసీపీ అనే ఒక పద్ధతిని బయటపెట్టింది. అసిస్టెంట్‌ని బయటి సామాన్లతో కలిపే గొట్టం అనుకోండి. 2025లో డిజైనర్లు వాడే ఫిగ్మా కూడా ఆ పద్ధతిలో తలుపు తెరిచింది. దాంతో బొమ్మ చూసి రంగు ఊహించే బదులు, అసలు టోకెన్ పేరే అడిగి తెలుసుకునే వీలు కలిగింది. అంతా చేసినా ఒక్కోసారి లేని కాంపొనెంట్ పేరు ఉన్నట్టే రాసేస్తుంది. అందుకే జాబితాలో లేని రంగో పేరో కనిపిస్తే ఆపేసే చిన్న తనిఖీ ప్రోగ్రాం కూడా పక్కన పెడతారు, రెండో నర్సు సంతకం లాగా.

మన బాధ్యత ఎక్కడొస్తుందంటే, ఆ ఫైల్లో ఏం రాయాలన్నది ఏఐకి తెలీదు. అది చదివింది ఎక్కువగా ఇంగ్లీషు, ఎక్కువగా అమెరికా అలవాట్లు. ధర చూపించే గడి అడిగితే చుక్క తర్వాత రెండంకెలు పెట్టే అలవాటుంది దానికి. ఒమాన్ రియాల్‌కి వెయ్యి బైసాలు, మూడంకెలు కావాలి. ఇంటికి డబ్బు పంపే స్క్రీన్‌లో ఒక అంకె రాలిపోతే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. క్యాలెండర్ అడిగితే శని, ఆదివారాలు సెలవని రంగు వేస్తుంది. 2013 మే నుంచి ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలు, దానికి ముందు గురు, శుక్రవారాలు. అరబిక్‌లోకి మారిస్తే స్క్రీన్ మొత్తం కుడి నుంచి ఎడమకి తిరగాలి, వెనక్కి వెళ్లే బాణం కూడా తిరగాలి, ఫోన్ నంబరు మాత్రం తిరగకూడదు. అరబిక్ అంకెల్లో అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా ఒక చుక్క. కొత్తగా వచ్చినవాళ్లు సూక్‌లో ధరల బోర్డు ముందు తడబడేది ఇందుకే. అదే మందు మోతాదు గడిలో అయితే తడబాటుతో పోదు.

తెలుగు సంగతి వేరే చెప్పాలి. మన అక్షరం కిందికి కూడా పెరుగుతుంది. ‘రాష్ట్రం’ అన్నా ‘స్త్రీ’ అన్నా వత్తులు కింద వేలాడతాయి. ఇంగ్లీషు కొలతకి కట్టిన బటన్‌లో వాటి కాళ్లు తెగిపోతాయి. మన రాతని ఎంత తక్కువ పరీక్షించి వదిలేస్తారో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’కి సంబంధించిన ఒక అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో ఆ యాప్ మూతపడిపోయేది. పత్రికలన్నీ రాశాయి, కొన్ని రోజుల్లోనే ఆపిల్ సవరణ పంపింది. ఏఐ రాకముందు జరిగింది అది. ఇప్పుడు అదే అజాగ్రత్తతో నిమిషానికి పది స్క్రీన్లు పుడితే?

మీ ఇంట్లో ఎవరైనా ఈ పని చేస్తుంటే, లేదా మీరే మొదలుపెడుతుంటే, అసిస్టెంట్‌కి ఇచ్చే ఫైల్లో మొట్టమొదట ఈ నాలుగూ రాయించండి: వరస ఎత్తు తెలుగు వత్తులకి సరిపోవాలి, రియాల్‌కి మూడంకెలు, తేదీలో నెల అక్షరాల్లో, వారాంతం శుక్ర, శని. తర్వాత బటన్ మీద ‘రాష్ట్రం’ అని రాయించి, ఫోన్లో అక్షరాలు బాగా పెద్దవి చేసి చూడండి. ర వత్తు పూర్తిగా కనిపించిందా లేదా చూసి, గ్రూపులో ఫొటో పెట్టండి.