సిఖిల్లియా: ఊళ్ల పేర్లలో మిగిలిన చరిత్ర

మధ్యధరా సముద్రంలోని దీవులన్నింటిలోకి పెద్దది సిసిలీ. ఇటలీ ప్రధాన భూభాగానికీ దీనికీ మధ్య మెస్సీనా జలసంధి ఒకచోట సుమారు 3 కిలోమీటర్ల వెడల్పు మాత్రమే ఉంటుంది. దక్షిణాన ట్యునీషియా తీరం కూడా 150 కిలోమీటర్లకు మించి దూరం లేదు. తూర్పున 3,300 మీటర్ల పైచిలుకు ఎత్తున పొగలు గ్రక్కుతూ ఎట్నా అగ్నిపర్వతం, దాని బూడిదతో సారవంతమైన నేలల్లో ద్రాక్ష, నారింజ తోటలు. ఉత్తరాన కొండలకూ సముద్రానికీ నడుమ పలెర్మో మైదానం. ఆ మైదానాన్ని స్థానికులు ‘కొంక దోరో’, అంటే బంగారు గిన్నె అంటారు. 1946 నుండి ఈ దీవి ఇటలీలో స్వయంపాలనాధికారం గల ప్రాంతంగా ఉంది. యాత్రికులు మెచ్చుకునే ఈ అందంలో దైవదత్తమైనది ఎంతో ఉంది. మానవ శ్రమతో ఏర్పడినదీ తక్కువేమీ కాదు. ఆ శ్రమ ఎవరిదో అక్కడి ఊళ్ల పేర్లే చెబుతాయి.

ఉర్దూ తెలిసిన పాఠకులకు ఈ దీవి అల్లామా ఇక్బాల్ శోకగీతం ద్వారా పరిచితమే. 1908లో ఐరోపా నుండి స్వదేశానికి ఓడలో వస్తూ, దారిలో దీనిని చూసి ఆయన ఆ గీతం వ్రాశారు.

అరబ్బులు ఈ దీవిని సిఖిల్లియా అనేవారు. పడమటి కొసన ఉన్న మర్సాలా పట్టణం పేరులో ‘మర్సా’ అంటే ఓడరేవు. కల్తానిస్సెత్తా, కల్తజిరోనె, కలతఫీమి మొదలైన పేర్ల మొదట వినిపించేది ‘ఖల్ఆ’, మనం ఖిలా అనే మాటే. రకల్ముతోలో ఉన్నది ‘రహల్’, అంటే పల్లె. పలెర్మో సమీపంలోని మిసిల్మేరి ఒకప్పటి ‘మన్‌జిలుల్ అమీర్’. అల్కాంతర నది పేరుకు అర్థం వంతెన. ఎట్నాను సిసిలీ ప్రజలు మోన్‌జిబెల్లో అని కూడా పిలుస్తారు. అందులో లాటిన్ మాటకూ కొండ అనే అర్థం, అరబ్బీ ‘జబల్’కూ కొండ అనే అర్థం. రెండు జాతుల వారు ఒకే కొండకు పెట్టిన పేర్లు కాలక్రమంలో కలిసిపోయాయి.

ముస్లిములు ఇక్కడికి వచ్చిన తీరు విచిత్రమైనది. బైజాంటిన్ నౌకాదళాధిపతి యుఫీమియస్ తన చక్రవర్తిపై తిరుగుబాటు చేసి, ఖైరవాన్‌లోని అగ్లబీ అమీరును సహాయం కోరాడు. క్రీ.శ. 827లో సైన్యం మజారా వద్ద దిగింది. దాని నాయకుడు వృత్తిరీత్యా సేనాని కాడు. మదీనాలో ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) వద్ద, ఇరాఖ్‌లో ఇమామ్ ముహమ్మద్ షైబానీ (రహ్మతుల్లాహి అలైహి) వద్ద విద్యనభ్యసించిన ఖాజీ అసద్ బిన్ ఫురాత్. అప్పటికి ఆయన వయస్సు దాదాపు డెబ్బై. మరుసటి సంవత్సరమే సిరక్యూజ్ ముట్టడి సమయంలో ఆయన మరణించారు. 831లో పలెర్మో వశమైంది గాని, తవోర్మీనా చేజిక్కడానికి 902 వరకు పట్టింది. 878లో సిరక్యూజ్ పతనమైనప్పుడు జరిగిన ప్రాణనష్టం ఘోరమైనది. చరిత్ర వ్రాసేవారు దానిని దాచవలసిన అవసరం లేదు.

ఆ తరువాతి కాలంలో నేల రూపమే మారింది. నారింజ, నిమ్మ, చెరకు వంటి పంటలకు వేసవిలో కూడా నీరు కావాలి. సిసిలీ వేసవిలో వాన ఉండదు. భూగర్భ కాలువలు, ఏతపు చక్రాలు, తొట్లతో నీటిని నిలిపి, పారించే విద్య ముస్లిం రైతులతో వచ్చింది. సిసిలీ భాషలో నీటి తొట్టికి ‘జెబ్బియా’, నీరు తోడే చక్రానికి ‘సేనియా’, చిన్న కాలువకు ‘సాయియా’, నారింజ పూతకు ‘జాగర’ అని పేర్లు. ఇవన్నీ అరబ్బీ నుండి వచ్చినవే. రాజులు వాడిన మాటలు కావివి, తోటమాలులు వాడినవి. అందుకే చెరగలేదేమో!

973లో పలెర్మో చూసిన యాత్రికుడు ఇబ్ను హౌఖల్ అక్కడ మూడు వందలకు పైగా మస్జిదులు ఉన్నాయని వ్రాశాడు. ఇది గర్వంగా ఉదాహరించబడే మాట. కాని ఆయన దానిని మెచ్చుకోలుగా చెప్పలేదు. ప్రతి పెద్దమనిషికీ తనదంటూ ఒక మస్జిదు ఉండాలనే డాంబికం వల్లనే అవి అన్ని అయ్యాయని ఆయన అధిక్షేపణ. ఆయన మాట కొంత పరుషమైనదే కావచ్చు. తరువాతి పరిణామాలు మాత్రం దానిని పూర్తిగా కాదనలేకుండా చేశాయి. కల్బీ వంశపాలన క్షీణించాక దీవి చిన్న చిన్న అధిపతుల పాలైంది. వారిలో ఇబ్నుల్ హవ్వాస్‌కూ ఇబ్నుస్సుమ్నాకూ వైరం ముదిరి, రెండవవాడు ఇటలీ దక్షిణాన ఉన్న నార్మన్లను పిలిచాడు. యుఫీమియస్ చేసిన పనినే రెండు శతాబ్దాల తరువాత ఒక ముస్లిం అమీరు చేశాడు. 1061లో మెస్సీనా, 1072లో పలెర్మో, 1091లో చివరగా నోటో నార్మన్ల వశమయ్యాయి. సిసిలీలో పుట్టిన మహాకవి ఇబ్ను హమ్దీస్ ఈ యుద్ధాల నడుమనే దేశం విడిచి స్పెయిన్ చేరాడు. 1133లో మరణించేంత వరకు తిరిగి రాలేదు.

ఇక్కడ ఒక అపోహను సవరించుకోవాలి. నేడు పలెర్మోలో ‘అరబ్బు కట్టడాలు’ అని చూపేవాటిలో ప్రసిద్ధమైనవన్నీ నార్మన్ల పాలనాకాలంలో కట్టినవే. ముస్లిముల పాలనాకాలపు మస్జిదు ఒక్కటైనా చెక్కుచెదరకుండా నిలిచి లేదు. జీసా భవనం (అల్ అజీజా) 12వ శతాబ్దంలో విలియం రాజుల కాలపుది. రాజప్రాసాదంలోని ప్రార్థనా మందిరపు చెక్కపైకప్పు మీద కూఫీ లిపిలో శుభాకాంక్షలు ఉన్నాయి. ఆ మందిరం రెండవ రోజర్‌ది. అతని అంగీ అంచున హిజ్రీ 528 అని తేదీ కుట్టబడి ఉంది. అది ఇప్పుడు వియన్నాలో ఉంది. భూగోళ శాస్త్రజ్ఞుడు అల్ ఇద్రీసీ 1154లో తన గ్రంథం పూర్తిచేసింది కూడా ఈ రాజు కొలువులోనే. పలెర్మో కెతీడ్రల్ వాకిట ఒక స్తంభంపై సూరా అల్ ఆరాఫ్‌లోని 54వ ఆయత్ చెక్కి ఉంది. ఆ చోట అంతకు ముందు జుమా మస్జిదు ఉండేది. దానికి ముందు చర్చి. 2015లో యునెస్కో ఈ కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పనివారు ముస్లిములు, యజమానులు క్రైస్తవులు. పేరు మాత్రం ఇద్దరిదీ కలిపి ‘అరబ్-నార్మన్’.

ఈ వైభవం వెనుక ముస్లిం ప్రజల స్థితి ఏమిటి? 1184 చివర హజ్ నుండి తిరిగి వస్తూ మెస్సీనా వద్ద ఓడ పగిలి ఒడ్డుకు చేరిన ఇబ్ను జుబైర్ ఆ సంగతి రెండు వైపులా వ్రాశాడు. పలెర్మో అతనికి కుర్తుబాను గుర్తుచేసింది. అక్కడ మస్జిదులున్నాయి, అజాన్ వినబడుతుంది, రాజుకు అరబ్బీ చదవడం, వ్రాయడం వచ్చు. క్రైస్తవ స్త్రీలు సైతం ముస్లిం స్త్రీల వలె ముసుగులు, దుస్తులు ధరించి పండుగకు వచ్చారు. అయితే ముస్లిములలో అగ్రగణ్యుడైన అబుల్ ఖాసిం బిన్ హమ్మూద్ అతనితో చెప్పుకున్నది వేరు. రాజాగ్రహానికి గురై ఆస్తి కోల్పోయిన ఆయన, తానూ తన కుటుంబమూ బానిసలుగా అమ్ముడుపోయినా బాగుండునని, అప్పుడైనా ఈ దేశం దాటిపోగలమని వాపోయాడు. త్రాపానీలో ఒక తండ్రి, బిడ్డ విశ్వాసం నిలిస్తే చాలునని, ముక్కూమొగం తెలియని హాజీకి కూతురునిచ్చి పంపడానికి సిద్ధపడ్డాడు. ఆ పిల్ల కూడా ఒప్పుకున్నది.

ఆ భయం నిజమైంది. 1189లో రెండవ విలియం మరణించగానే పలెర్మోలో ముస్లిములపై దాడులు జరిగాయి. మిగిలినవారు పడమటి కొండలు పట్టారు. రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి 1220ల నుండి వారిని దీవి దాటించి, ప్రధాన భూభాగంలోని అపూలియాలో లూచేరా పట్టణానికి తరలించసాగాడు. చివరి తిరుగుబాటు 1246లో అణగిపోయింది. లూచేరాలో వారు వ్యవసాయం చేశారు, ఆయుధాలు చేశారు, చక్రవర్తి సైన్యంలో విలుకాండ్రుగా పనిచేశారు, మస్జిదులు కట్టుకున్నారు. 1300 ఆగస్టులో రెండవ చార్లెస్ రాజు ఆ పట్టణాన్ని ముట్టడించి, ప్రజలను చెరపట్టి, అత్యధికులను బానిసలుగా అమ్మించాడు. అక్కడ కెతీడ్రల్ వెలిసింది. ఊరి పేరు మార్చి మరియమ్మ పేర పిలవాలని రాజాజ్ఞ అయింది. ఆ కొత్త పేరు ఎక్కువ కాలం నిలవలేదు. నేటికీ అది లూచేరాయే.