మైకు వెనుక మనిషి

గోదావరి మండలాల నాటకరంగ చరిత్ర రాసినవారు కవులను పేర్కొన్నారు, నటులను పేర్కొన్నారు; దయ తలచినప్పుడు హార్మోనిస్టును కూడా పేర్కొన్నారు. మైకు పెట్టె దగ్గర కూర్చున్నవాణ్ణి పేర్కొన్నట్టు నేను చూడలేదు. యిది వట్టి మరపు అనుకోను. కళను శ్రమనుంచి విడదీసి చూడడం మన విమర్శకు పాత అలవాటు.

రాజమండ్రిలో వీరేశలింగం విద్యార్థులచేత నాటకం ఆడించింది 1880లో. అప్పటినుంచి సుమారు అర్ధశతాబ్దంపాటు యిక్కడి నటుడికి గొంతు తప్ప వేరే సాధనం లేదు. ముందు వరసలో కుర్చీలు కామందులవి. వాటి వెనుక చాపలు. చిట్టచివర, చెరువుగట్టుమీదనో కళ్లంలోనో కూర్చున్నది పాలేర్లూ కూలీలూ. ఆ చివరి మనిషికి పద్యం చేరాలంటే శ్రుతి పెంచాలి. నాలుగు, అయిదు శ్రుతుల్లో గొంతెత్తి పాడడం, రాగం సాగదీయడం పద్యనాటకానికి లక్షణమైపోయింది. దీన్ని అభిరుచి లోపమని యీసడించే పండితులు, ఆరుబయట వేలమందికి వినిపించవలసిన అగత్యంలోనుంచి అది పుట్టిందన్న సంగతి మరచిపోతారు.

1930ల కాంగ్రెసు మహాసభల్లో మోత్వానీల ‘షికాగో రేడియో’ లౌడుస్పీకర్లు మోగాయి. రాజకీయ సభలకు వచ్చిన యంత్రం క్రమంగా నాటకాల పందిళ్లలోకీ వచ్చింది. చివరి వరస మొదటిసారి మాటమాటా విన్నది. యిది చిన్న సంగతి కాదు. అయితే యంత్రం తన షరతులు తాను పెట్టింది. పద్యం ఎత్తుకునే ముందు నటుడు మైకు దగ్గరకు నడిచి రావాలి. అర్జునుడితో మాట్లాడే కృష్ణుడు అర్జునుణ్ణి కాక ఆ కడ్డీని చూసి పాడాలి. బుర్రకథకుడి పాట్లు మరీ ఎక్కువ. 1943లో ఏర్పడ్డ ప్రజానాట్యమండలి వూరూరా తిప్పిన ఆ కళకు ప్రాణం అడుగులో వుంది: తంబురా భుజాన వేసుకుని, అందెలు మోగిస్తూ ముందుకూ వెనక్కూ కదలడం. మైకు ముందు నిలబడితే అడుగు పోతుంది. అడుగు వేస్తే మాట పోతుంది. పైగా హారన్ స్పీకరు మధ్యస్థాయినే బాగా పలుకుతుంది. మృదంగం తొప్పి నాదం, వంతల డక్కీల గుంకారం దానికి చిక్కవు.

మైకు వచ్చాక శ్రుతి దిగవలసింది. దిగలేదు. అవసరం పోయినా అలవాటు నిలిచింది. వన్సుమోర్లు పడేది దానికే మరి.

యంత్రం సంగీతాన్ని పాడుచేస్తుందనే వాదానికి డెల్టాలోనే, పాలకొల్లునుంచి, సమాధానం వచ్చింది. అక్కడ 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ ఎనిమిది తీగల మాండలిన్‌ను కాదని, అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్ పట్టాడు. మామూలు మాండలిన్‌లో మీటిన స్వరం చప్పున ఆరిపోతుంది. గమకానికి వ్యవధి చాలదు. విద్యుత్తు ఆ స్వరానికి ఆయువు పోసింది. 1978లో గుడివాడలో అతని తొలి కచేరీ జరిగింది. యిటువంటి వాద్యానికి ధ్వనిపెట్టె సగం వాద్యం. దాన్ని సవరించేవాడు కచేరీలో పనివాడు మాత్రమే కాదు, పక్కవాద్యగాడు.

పద్యనాటకంలోనూ అంతే. కోనసీమలో వొక వూళ్లో దసరా నాటకం చూశాను. మైకుసెట్టు కుర్రవాడికి రాయబారం సీను కంఠతా వచ్చు. నటుడు వూపిరి పీల్చడం చూసి, రాగం పైస్థాయికి ఎక్కకముందే మీట తగ్గించేవాడు, సంభాషణకు పెంచేవాడు. హార్మోనియం పద్యాన్ని మింగుతుంటే హార్మోనిస్టు కళ్లలోకి చూసేవాడు. ఆయన తిత్తి నెమ్మది చేసేవాడు. ముగ్గురూ కలిసి పాడుతున్నట్టుండేది.

నడిరాత్రి హారన్లు కూతపెట్టాయి. స్పీకరులో వచ్చిన ధ్వని తిరిగి మైకులో పడి, మళ్లీ పెరిగి బయటికి రావడమే ఆ కూత. నటుడు పద్యం ఆపి కుర్రవాణ్ణి అందరి ముందూ తిట్టాడు. జనం నవ్వారు, నేనూ నవ్వాను. సంగతి తరవాత తెలిసింది. వేదిక వెనుక కామందుగారి మేడ వుంది. అరుగుమీద కూర్చున్న వారి ఆడవాళ్లకు బాగా వినపడాలని, ఆయన మనుషులు వొక హారన్‌ను అటు తిప్పారు. అది సరిగ్గా మైకులకు ఎదురుపడింది.

కుర్రవాడు ఎవరికీ బదులు చెప్పలేదు. గుంజ ఎక్కి హారన్ తిప్పి వచ్చి కూర్చున్నాడు. పద్యం మళ్లీ మొదలైంది. మర్నాడు కిరాయిలో కొంత కోసి యిచ్చారు. నాటకం కరపత్రం అడుగున, చిన్న అక్షరాల్లో, మైకుసెట్టు యజమాని పేరుంది. కుర్రవాడి పేరు నేనూ అడగలేదు.