కోలారు గనిలో రెండు క్షయాలు

పాడైపోవడానికి మన ఇళ్ళలో ఒక్క మాట కాదు, చాలా ఉన్నాయి. టమాటా కుళ్ళుతుంది, అన్నం పాచిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది, రాగి చెంబు చిలుము పడుతుంది, వాసం చివుకుతుంది, పన్ను పుచ్చుతుంది, కోట శిథిలమవుతుంది. ఏ వస్తువుకి ఆ మాట. కన్నడలో తుప్పుని తుక్కు అంటారు. మనకేమో తుక్కంటే పనికిరాని సామాను. మన హొసకోటె గుజరీ అంగడిలో రెండర్థాలూ సరిపోతాయి!

సైన్సులో వాడే క్షయం సంస్కృతం మాట. తగ్గిపోవడం అని అర్థం. మనిషి చిక్కి శల్యమవుతాడు కాబట్టి టీబీని క్షయ అన్నారు. దానికి కారణం ఒక బాక్టీరియా అని రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించాడు. 1902లో రూథర్‌ఫర్డ్, సాడీ అనే ఇద్దరు రేడియోధార్మిక మూలకం తనంతట తానే వేరే మూలకంగా మారుతుందని చెప్పారు. దాన్నీ మనం క్షయమనే అంటున్నాం. కానీ ఇందులో పురుగూ లేదు, కుళ్ళూ లేదు. ఇంకో పెద్ద తేడా ఉంది. టమాటా పాతబడేకొద్దీ త్వరగా కుళ్ళుతుంది. పరమాణువుకి ముసలితనమే లేదు. కార్బన్-14లో సగం 5,730 ఏళ్ళలో మారిపోతుంది. మిగిలినదాంట్లో సగం పోవాలంటే మళ్ళీ అన్నేళ్ళే పట్టాలి.

ఈ రెండు క్షయాలూ మనకి దగ్గర్లోని కోలారు బంగారు గనుల్లో ఉన్నాయి. రాతి ధూళి పీల్చడం వల్ల వచ్చే సిలికోసిస్ జబ్బు మన దేశంలో మొదట 1947లో అక్కడినుంచే రిపోర్టయింది. ఆ జబ్బున్న ఊపిరితిత్తులకి క్షయ సులభంగా పట్టుకుంటుంది. ఆ గనుల్లో పనిచేసినవాళ్ళలో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ చాలామంది.

రెండో క్షయాన్ని వెతకడానికి 1980లో టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్‌లోని ఒసాకా శాస్త్రవేత్తలు అదే గనిలో 2.3 కిలోమీటర్ల లోతుకి దిగారు. ప్రోటాన్ క్షయిస్తుందా అన్నది వాళ్ళ ప్రశ్న. దాని ఆయుష్షు 1 పక్కన 31 సున్నాలు పెడితే వచ్చేటన్ని ఏళ్ళు ఉండొచ్చని అప్పటి ఒక సిద్ధాంతం. అన్నేళ్ళు ఎవరు కూర్చుంటారు? అందుకని 140 టన్నుల పరికరం పెట్టారు, అందులో ఎక్కువ భాగం ఇనుప పలకలే. అన్ని ప్రోటాన్లలో ఏడాదికి రెండు మూడైనా పోవా అని. ముసలితనం లేదు కాబట్టే ఈ ఉపాయం పనికొస్తుంది. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు అడ్డు రాకుండా అంత లోతు. పలకలకి తుప్పు పడితే? ఏమీ కాదు. తుప్పంటే ఇనుము ఆక్సిజన్‌తో, తడితో కలవడమే, లోపలి ప్రోటాన్లు అలాగే ఉంటాయి.

కొన్ని గుర్తులు కనబడ్డాయని వాళ్ళన్నారు గానీ, అమెరికా, జపాన్ ప్రయోగాల్లో అది రుజువు కాలేదు. ఇప్పటిదాకా ఏ ప్రోటానూ క్షయించినట్టు తేలలేదు.

గనులే ముందు మూతపడ్డాయి, 2001 ఫిబ్రవరి 28న. లోపల నీళ్ళు నిండాయి, పైన యంత్రాలు తుప్పు పట్టాయి. దాంతో కేజీఎఫ్‌ని పాడుబడిన ఊరు అనడం అందరికీ అలవాటైంది. పాడుబడింది గని. ఊళ్ళోవాళ్ళు రోజూ తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకి పనికొస్తున్నారు, రాత్రికి అక్కడికే తిరిగి వెళ్తున్నారు.