రాణియు, రాజుభార్యయు



మన భాషలో దొర భార్య దొరసాని. రాజు భార్య రాణి. గురువు భార్య గురుపత్ని. భర్తకు పదవి వచ్చినదన్నచో భార్యకు పేరు వచ్చినట్లే. ఆమె యే పరీక్షయు ఇయ్యనక్కరలేదు, ఏ పట్టమును కట్టుకొననక్కరలేదు. ఇందుకు ప్రతిగా భార్య పదవి భర్తకు పేరు తెచ్చుట మాత్రము కానరాదు. ఊరివారందరికిని పురుడు పోసిన మంత్రసాని భర్తను ఏ బిరుదుతోను ఎవరును పిలిచి యెరుగరు. పేరు భర్త నుండి భార్యకు దిగివచ్చును గాని, భార్య నుండి భర్తకు ఎక్కిపోదు. ఈ చిన్న వాడుక వెనుక పెద్ద రాజనీతి యొకటి దాగియున్నది. దానిని మన కృష్ణాతీరపు చరిత్రనుండియే నేడు మీకు విన్నవింతును.

మొదట నాగార్జునకొండకు పోదము. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున అచ్చట విజయపురి రాజధానిగా ఇక్ష్వాకులు పాలించిరి. వారి కాలమున మహాతలవరులను ఉన్నతోద్యోగులు ఉండెడివారు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుని సోదరి చాంతిశ్రీ అట్టి మహాతలవరునొకని వివాహమాడెను. నాగార్జునకొండ మహాచైత్యమునొద్ద ఆమె నిలిపిన స్తంభముల మీది శాసనములలో ఆమె బిరుదు ‘మహాతలవరి’ అని యున్నది. ఆమె రాజునకు తోబుట్టువు. తరువాతి రాజైన వీరపురుషదత్తునకు మేనత్త. అయినను ఆమె పేరునకు ముందు నిలిచినది భర్త యుద్యోగమే. పదునేడువందల యేండ్లకు పూర్వమే మన నేలమీద దొర, దొరసాని అను లెక్క రాతిపై చెక్కబడి యున్నదన్నమాట. ఆ రాజుల భార్యలకు ‘మహాదేవి’ అను బిరుదుండెను. అది గొప్ప గౌరవము. కాని సేనను నడపుటకును, పన్ను విధించుటకును ఇచ్చిన అధికారపత్రము కాదు.

ఇక వేయేండ్లు దాటి దివిసీమకు వత్తము. కాకతి గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు రాజ్యము చేసెను. తీరదేశమును లోబరచుకొన్న తరువాత, దివిసీమ నేలుచుండిన అయ్యవంశమువారి ఆడుబడుచులగు నారాంబను, పేరాంబను ఆయన వివాహమాడెను. వారి సోదరుడగు జాయపుడు కాకతీయుల గజసైన్యమునకు అధిపతి యయ్యెను, ‘నృత్తరత్నావళి’ రచించినవాడాతడే. ఒక సీమను కత్తితో గెలుచుట యొక యెత్తు, దానిని బంధుత్వముతో నిలుపుకొనుట రెండవ యెత్తు. నారాంబా పేరాంబలు ఓరుగల్లున రాణులైరి. వారి పెండ్లివలన పుట్టినింటివారికి దొరతనము స్థిరపడినది, మెట్టినింటివారికి సముద్రతీరము స్థిరపడినది. వారికి దక్కినది రాణి యను పేరు. ఆ పేరు వారిది కాదని యెవరును అనరు. కాని ఆ పేరులోని బలము రాజుదే.

ఆ గణపతిదేవునకు కుమారులు లేరు. ఆయన కుమార్తెలలో ఇద్దరి చరిత్రను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో మన సంగతి తేటపడును.

ఒక కుమార్తె గణపాంబ. ఆమెను ధరణికోట నేలిన కోటవంశమువాడగు బేతరాజునకు ఇచ్చిరి. భర్త మరణానంతరము ఆమె ఆ సీమను పాలించెను. భర్త పుణ్యమునకై ఆయన పేర బేతేశ్వరాలయమును కట్టించెను. గుంటూరు మండలములోని యనమదల శాసనము ఆమె కీర్తిని చెప్పుచున్నది. ఆమె అధికారము భర్త యింటినుండి వచ్చినది. భర్త లేనప్పుడు భర్త స్థానమున నిలిచిన విధవారాణి యామె. లోకమునకు ఇది క్రొత్తగాదు గనుక ఎవరికిని ఎబ్బెట్టుగా తోచలేదు.

రెండవ కుమార్తె రుద్రమదేవి. ఈమె అధికారము భర్త యింటినుండి వచ్చినది కాదు, తండ్రి యింటినుండి వచ్చినది. అచ్చటనే చిక్కు పుట్టినది. మన భాషలో ‘రాణి’ యన్న మాటకు రాజుభార్య యనియే ముఖ్యార్థము. సింహాసనముపై స్వయముగ కూర్చున్న స్త్రీకి ఆ మాట చాలదు. అందుచేత గణపతిదేవుడు ఆమెకు మగపేరు పెట్టెను. విద్యానాథుని ‘ప్రతాపరుద్రీయము’ ఈ సంగతిని తెలుపుచున్నది. ఆమె కాలపు శాసనములు పెక్కింటిలో ‘రుద్రదేవ మహారాజు’ అనియే యుండును. ఆ శాసనములను చదువువాడు ముందుగా ఎరుగకున్నచో, రాజు పురుషుడనియే తలచును. స్త్రీ రాజ్యము చేయవచ్చునని లోకమును ఒప్పించుటకంటె, రాజ్యము చేయుచున్నది ‘మహారాజు’ అని చెప్పుట సులభమైనది కాబోలు.

ఈమె చేతిగుర్తు ఈ విజయవాడకు సమీపముననే యున్నది. కృష్ణ దాటి ఆవలి యొడ్డున మందడము ప్రక్క మల్కాపురమను ఊరున్నది. అచ్చటి శాసనము 1261వ సంవత్సరమునాటిది. గణపతిదేవుడు తన గురువగు విశ్వేశ్వర శివాచార్యునకు మందడమును దానము చేసెను. రుద్రమదేవి దానితో వెలగపూడిని గూడ చేర్చి ఇచ్చెను. నేడు రాష్ట్ర సచివాలయమున్న వెలగపూడి యదియే. ఆ దానపు రాబడిలో మఠమునకును, చదువుకొను పిల్లల భోజనమునకును, ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, అన్నసత్రమునకును భాగములు ఏర్పరుపబడినవి. ఆ శాసనమున ఆమె గణపతిదేవుని కుమార్తె యని స్పష్టముగ నున్నది. భర్త బిరుదు చెప్పుకొని దానము చేసిన యిల్లాలు కాదామె. తండ్రి యిచ్చిన యధికారముతో భూమి నిచ్చిన పాలకురాలు.

మరి ఆమె భర్త మాట యేమి? ఆయన వీరభద్రుడు, నిడదవోలు చాళుక్యరాజకుమారుడు. వేంగి నేలిన చాళుక్యుల పేరు ధరించిన వంశము. కులమునకు గాని, గౌరవమునకు గాని తక్కువ లేదు. అయినను ఆయన ఓరుగల్లున రాజు కాలేదు. భార్య ‘మహారాజు’ అయినప్పుడు భర్తకు తగిన మాట మన భాషలో లేకపోయెను. ఇది భాష చేసిన లోపము మాత్రమే కాదు. ఆయనను రాజని పిలిచినచో రాజ్యము చాళుక్యులదగును. పిలువకున్నచో కాకతీయులదిగనే నిలుచును. ఇల్లరికపుటల్లుని సంగతి మీరెరుగనిది కాదు. అల్లుడు ఇంట నుండవచ్చును, పొలము చూడవచ్చును. కాని పట్టా యెవరి పేర నుండవలెనో పెద్దలు ముందే తేల్చుకొందురు. గణపతిదేవుడు చేసినదియు అదియే.

రుద్రమదేవికి పుత్రసంతానము లేదు. ఆమె కుమార్తె ముమ్మడమ్మ. ముమ్మడమ్మ భర్త మహాదేవుడు. రాజ్యము ఆ యల్లునికిని పోలేదు. ముమ్మడమ్మ కుమారుడగు ప్రతాపరుద్రుని రుద్రమదేవి తన వారసునిగ చేసికొనెను. 1289లో ఆమె మరణించినట్లు చందుపట్ల శాసనము తెలుపుచున్నది. ఆ తరువాత ప్రతాపరుద్రుడు కాకతీయుడుగనే సింహాసన మెక్కెను. ఇద్దరు అల్లుండ్రను దాటి రాజ్యము తాతనుండి కూతునకును, కూతునుండి మనుమనికిని చేరినది. దానిని చేర్చిన వంతెన ‘రుద్రదేవ మహారాజు’ అను ఆ పేరే.

ఈ సంగతి ఎరుగనివారు ఎట్లు పొరపడిరో చూడుడు. పదుమూడవ శతాబ్దము చివర వెనీసు దేశపు వర్తకుడు మార్కోపోలో తన గ్రంథమున మోటుపల్లి రాజ్యమును వర్ణించెను. ఆ రాజ్యమును న్యాయముగ పాలించిన రాణిని మెచ్చుకొనెను. కాని ఆమె చనిపోయిన రాజునకు భార్య యని వ్రాసెను! స్త్రీ పాలించుచున్నదని వినగానే, ఆమె రాజుగారి విధవరాలై యుండునని అనుకొనుట ఆయనకు సహజమయ్యెను. తండ్రిని భర్తగా వ్రాసిన ఆ పొరపాటు మన చరిత్రకారులలో కొందరిని గూడ కొంతకాలము చిక్కుపెట్టినది. మల్కాపురపు రాయి వంటి సాక్ష్యము లేకున్నచో రుద్రమదేవి నేటికిని గణపతిదేవుని భార్యగనే మిగిలిపోయెడిది. పేరును బట్టి అధికారమును ఊహించుట యెంత ప్రమాదమో దీనివలన తెలియుచున్నది.

ఈ చిక్కు మన దేశమునకే పరిమితము కాదు. మీ యింటి పెట్టెలలో పాత వెండిరూపాయలున్నచో తీసి చూడుడు. విక్టోరియా బొమ్మగల నాణెములపై మొదట రాణి యనియు, 1877 నుండి చక్రవర్తిని యనియు ఉండును. ఆమె సింహాసనము ఆమెదే. ఆమె తరువాతి ఎడ్వర్డు, జార్జి రూపాయలపై రాజు తల మాత్రమే యుండును. వారి భార్యలు రాణులే యైనను నాణెముపై చోటు లేదు. 1911లో ఢిల్లీ దర్బారున జార్జి ప్రక్కన కిరీటముతో కూర్చున్న మేరీయు చక్రవర్తినియే, విక్టోరియాయు చక్రవర్తినియే, పేరొక్కటే. ఒకరిది అధికారము, ఒకరిది సాహచర్యము.

విక్టోరియా భర్త యగు ఆల్బర్టు 1840లో ఆమెను వివాహమాడెను. ఆయన ఏనాడును రాజు కాలేదు. పదునేడేండ్ల తరువాత, 1857లో, రాణికి సహచరుడగు రాకుమారుడను బిరుదు దొరకినది. రెండవ ఎలిజబెత్తు భర్త ఫిలిప్పు 2021లో మరణించువరకు రాకుమారుడే. వారి కుమారుడు చార్లెసు భార్య కెమిల్లా మాత్రము 2023 మే 6వ తేదీని భర్తతోబాటు రాణిగా కిరీటము ధరించెను. రాజు అను మాట రాణి యను మాటకంటె పెద్దదని లోకము తలచుటయే దీనికి కారణము. రాజుభార్యను రాణి యన్నను రాజునకు భయములేదు. రాణిభర్తను రాజన్నచో రాణి రెండవ స్థానమునకు దిగుననెడి భయము కలదు. ఓరుగల్లున గణపతిదేవుడు గుర్తించిన సంగతినే ఆరువందల యేండ్లకు లండనులోని పెద్దలును గుర్తించిరి.

రాజుల దినములు గడచినవి. జమీందారీలు 1948నాటి చట్టముతో రద్దయినవి. సంస్థానాధీశుల బిరుదులకు ప్రభుత్వము ఇచ్చు గుర్తింపు 1971లో పోయినది. ఇక ఈ గొడవ మనకేల యని మీరడుగవచ్చును. అందుకే ఈ మాట చెప్పవలసి వచ్చినది. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగసవరణవలన పంచాయతీ స్థానములలోను, సర్పంచి పదవులలోను మూడవవంతునకు తక్కువగాకుండ స్త్రీలకు కేటాయింపబడినవి. స్త్రీ సర్పంచిగ ఎన్నికయైన ఊరికి పోయి ‘ప్రెసిడెంటుగారి యిల్లెక్కడ?’ అని యడిగినచో, పెక్కుచోట్ల అరుగుమీద కూర్చున్న ఆమె భర్తను చూపుదురు. ఆమె సంతకము చేయును. ఆయన ‘ప్రెసిడెంటుగారు’ అనిపించుకొనును. మనము ఇచ్చట మార్కోపోలో పొరపాటునే మరల చేయుచున్నాము. స్త్రీ చేతిలో అధికారము కనబడగానే, దాని వెనుక భర్తను వెదకుచున్నాము.

గణపతిదేవుని కాలమున కూతునకు రాజ్యము ఇయ్యవలెనన్నచో మగపేరు పెట్టవలసి వచ్చెను. అది ఆ కాలపు ఉపాయము. మనకా యవసరము లేదు. చట్టము ఆమెకు ఆమె పేరుతోనే పదవి నిచ్చినది. ఇక మిగిలినది పిలుపు. చట్టము పదవి నియ్యగలదు గాని పిలుపు నియ్యలేదు. అది ఊరి పెద్దల నోటనుండి రావలెను. మీరు పంచాయతీ సభలో ఆ యమ్మను ‘ప్రెసిడెంటుగారూ’ అని పిలిచి, మీ యర్జీని ఆమె చేతికే ఇచ్చినచో, మరుసటి దినమునుండి పిల్లలును అట్లే పిలుతురు. ఆమె భర్తకు దీనివలన కలుగు తక్కువదన మేమియు లేదు. వీరభద్రుడు రాజు కాలేదు. అయినను రుద్రమదేవి భర్తగా ఆయన పేరు ఏడువందల యేండ్లు దాటి నేటికిని నిలిచియున్నది.

కృష్ణ దాటి ఎప్పుడైన మందడమువైపు పోయినప్పుడు, మల్కాపురపు శాసనమును ఒక్కసారి చూచి రండు. ప్రసూతిశాలకు భూమి నిచ్చిన ఆ చేయి రాణిదా, మహారాజుదా యని ఆ రాతి నడిగినచో, గణపతిదేవుని కూతురిదని చెప్పును.