మూషిక జింక: గ్రంథమునుండి అరణ్యమునకు

భారతదేశపు గిట్టల జంతువులలోనెల్ల అల్పకాయమైన మూషిక జింక, హైదరాబాదు నగరపు దక్షిణ భాగమున మీర్ ఆలం చెరువు చెంతనున్న నెహ్రూ జంతుప్రదర్శనశాలలోనే వంశము పెంపొందించుకొనినదని ఎరిగినవారు కొలదిమందియే.

పశ్చిమ కనుమల వర్షారణ్యములందును, మన నల్లమలవంటి ఆకురాల్చు అడవులందును చరించు ఈ నిశాచరము నాలుగు కిలోలకు మించని తూకము కలది. కొమ్ములు లేవు, మగదానికి కోరలే ఆయుధములు. నెమరువేయు జంతువయ్యును దీని జీర్ణాశయమున మూడు గదులే పూర్తిగ వృద్ధినొందినవి.

1777లో ప్రకృతిశాస్త్రజ్ఞుడగు ఎర్క్స్‌లెబెన్ సింహళపు మూషిక జింకను వర్ణింపగా, 1852లో గ్రే భారతీయ మృగమునకు నామకరణము చేసెను. అయినను, ఇవి వేర్వేరు జాతులని గ్రోవ్స్, మెయిజార్డ్ పండితులు నిరూపించుటకు 2005 వరకు ఆగవలసి వచ్చినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము భారతీయ మూషిక జింకను ప్రథమ షెడ్యూలున చేర్చినది. కాని చట్టము వేటను నిషేధింపగలదేగాని, రాత్రివేళ పొదల నడుమ పన్నిన ఉచ్చులన్నింటిని కనిపెట్టజాలదు, వేటాడబడి శూన్యమైన అడవిని తిరిగి నింపజాలదు.

ఆ లోటు తీర్చుటకు 2010లో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ తోడ్పాటుతో, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమగు సి.సి.ఎం.బి.కి చెందిన, అంతరించుచున్న జాతుల సంరక్షణకై అత్తాపూరులో నెలకొన్న లాకోన్స్ ప్రయోగశాలయు నెహ్రూ జంతుప్రదర్శనశాలయు కలిసి సంతానోత్పత్తి పథకము నారంభించినవి. బెదురుగొడ్డగు ఈ జీవిని పట్టి రక్తము తీయుటకంటె, పేడలోని హార్మోనుల ననుసరించి దాని ఋతుచక్రమును గుర్తించుట మేలని శాస్త్రజ్ఞులు గ్రహించిరి. కాన్పునకు సాధారణముగ ఒక పిల్లనే ఈనినను, ఈనిన కొలది గంటలకే ఆడది మరల జతకట్టుటచేత, వేళకు మగదానిని తోడుంచినచో సంతతి ఎడతెగక పెరుగును. ఈ మర్మ మెరుగుటచేతనే వేళ్లపై లెక్కింపదగిన మృగములనుండి రెండు వందలకు పైబడిన సంతతి కలిగినది.

2017లో వానిలో ఎనిమిదింటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యమునకు చేర్చిరి. వానిని తటాలున అడవిలో విడువక, మొదట కంచెగల ఆవరణమున అడవి మేతకు అలవరచిరి.

చట్టము నిలువరించుటను, ప్రయోగశాల పెంచుటను నేర్చినవి; ఇక మిగిలినది అడవి వంతు. కార్చిచ్చు పొదలను దహించినచో, పశువులు వానిని మేసివేసినచో, జంతుప్రదర్శనశాల లెక్క ఎంత పెరిగినను ప్రయోజనము స్వల్పము. నల్లమలలో పుట్టిన పిల్ల అక్కడనే పెరిగి పిల్లల నీనుటయే ఈ కృషి సాఫల్యమునకు ప్రమాణము.