మన్యపు జ్వరము – కొండవారి రక్తబలము

మన్యపు జ్వరమను పేరు తెలుగునాట పెద్దలందరు నెరిగినదే. అనంతగిరి కనుమ నెక్కి అరకులోయకుగాని, పాడేరు, గూడెము ప్రాంతములకుగాని పోయిన మైదానపువాడు కొలదిదినములలోనే చలిపుట్టి, వణకి, మంచము పట్టుట తరతరములుగా జరిగిన సంగతి. అదే గాలి పీల్చి, అదే వాగునీరు త్రాగు కొండదొర, బగత, వాల్మీకి కుటుంబముల పెద్దలు మాత్రము పోడు పనులు చేసికొనుచునే యుండిరి. దీనినిబట్టి కొండవారికి జ్వరము రాదను నమ్మకమొకటి మైదానమున పాతుకొనిపోయినది. ఈ నమ్మకము ఎంతవరకు నిజము? వారి శరీరమునందలి ఆ బలమెట్టిది? దానికి వారు చెల్లించిన మూల్యమేమి? శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నలకు సమాధానము వెదకిన చరిత్రను నేడు మనము స్మరింతము.

మన చరిత్రలో ఈ జ్వరము ఒక మూగ కావలివానివలె నిలిచినది. 1839లో ఆంగ్లప్రభుత్వము గంజాము, విశాఖపట్టణము మన్యములను సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తొలగించి, కలెక్టరును ఏజెంటుగా నియమించి పాలింపసాగెను. ఏజెన్సీ యను మాట అందుండియే వాడుకలోనికి వచ్చినది. 1879లో రంప పితూరీ చెలరేగినప్పుడు దానిని అణచుటకై కొండలెక్కిన పటాలములలో అనేకులు జ్వరపీడితులైరి. 1922–24 సంవత్సరములలో అల్లూరి సీతారామరాజును వెంటాడిన పోలీసులకును ఈ కొండల జ్వరము పెద్ద బెడదయే అయ్యెను. శత్రువును తరిమిన ఆ జ్వరమే కొండవారి గుడిసెలలో ఏమి చేయుచుండెనో విచారించినవారు ఆనాడు బహు అరుదు.

మలేరియా అను మాటకు ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థము. కొండలోయల దుర్వాయువే రోగకారణమని వైద్యులును నమ్మిరి. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగి రక్తమునందు సూక్ష్మజీవిని చూచెను. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ జీవిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది.

అంతట పరిశోధకుల దృష్టి తూర్పుకనుమలపై ప్రసరించినది. 1914లో పెర్రీ అను వైద్యాధికారి జయపురము కొండలలోను, దాని నానుకొనిన తీరభూమిలోను గల మలేరియాను గూర్చి వ్యాసము ప్రకటించెను. అటుపిమ్మట బెంగాలు నాగపూరు రైల్వేలో మలేరియా నిపుణుడుగా నుండిన సీనియర్ వైట్ ఆ కొండలలో రోగవ్యాప్తిని శ్రద్ధగా పరిశీలించెను. అచ్చట ప్రధాన దోషి అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అను దోమ. అది మురుగుగుంటలో గాక, మెల్లగా పారు తేటవాగులలోను, ఊటనీరు పారు మెట్టుమళ్లలోను గ్రుడ్లు పెట్టును. మన పెద్దలు కొండవాగు నీటిని శంకించుటలో సగము సత్యము కలదు. దోషము త్రాగు నీటిలో లేదు, ఆ నీట పుట్టిన దోమ కాటులో నున్నది.

ఇక కొండవారి బలమును గూర్చి. 1899–1900 ప్రాంతమున రాబర్ట్ కోక్ అను జర్మను పండితుడు జావా, న్యూగినీ ద్వీపములలో రక్తపరీక్షలు జరిపి, జ్వరము నిత్యమైన గ్రామములలో శిశువుల రక్తమున సూక్ష్మజీవులు విస్తారముగా నుండగా పెద్దలలో కానరాకుండుటను గమనించెను. 1924లో క్రిస్టోఫర్స్ అను వైద్యుడు సింగ్‌భూం కొండలలోని ఆదివాసులలో వయస్సునుబట్టి రక్తమునందలి సూక్ష్మజీవులను లెక్కించెను. మొదటి రెండేండ్లలో వాటి సంఖ్య మిక్కుటము. తరువాత ఏటేట తగ్గును. అనగా పెద్దలకు కనిపించు ఆరోగ్యము పుట్టుకతో వచ్చిన వరము కాదు. బాల్యమున పదేపదే జ్వరముతో పోరాడి, పొట్టలో బల్ల పెరిగి, బ్రతికి బయటపడినవారు గడించుకొనిన బలమది. ఆ పోరాటమున ఓడిన శిశువులు మైదానపువాని లెక్కలోనికి రాలేదు. అతడు చూచినది మిగిలినవారిని మాత్రమే.

ఆ బలము రక్తములో ఎచ్చట నుండును? 1961లో మెక్‌గ్రెగర్, కోహెన్ మొదలగువారు ఆఫ్రికాలోని గాంబియా దేశమున, జ్వరమునకు తట్టుకొనిన పెద్దల రక్తమునుండి గామా గ్లోబ్యులిన్ అను మాంసకృత్తును తీసి, రోగపీడితులైన పిల్లల కెక్కించిరి. పిల్లల రక్తమున సూక్ష్మజీవులు తగ్గిపోయినవి. రక్షణ అందు కలదని రుజువైనది. అయినను అది సంపూర్ణము కాదు. ఫాల్సిపారం జాతి సూక్ష్మజీవి, తాను చొచ్చిన రక్తకణముపై మాంసకృత్తుల వేషమును మార్చుచు దేహమును మోసగించును. ఈ వేషములకు మూలమైన జన్యువులు 1995లో బయటపడినవి. ఇట్లు ఒక్కొక్క వేషమును గుర్తుపట్ట నేర్చుటకు దేహమునకు ఏండ్లు పట్టును. చాలకాలము జ్వరములేని చోట నివసించినచో ఆ నేర్పు సన్నగిల్లును. తొలిచూలు స్త్రీకి గర్భమునందు జ్వరము మరల ప్రబలమగును.

గడించిన బలమేగాక, వంశమున వచ్చు రక్షణయు నొకటి కలదు. మలేరియా గల దేశములలో కొన్ని రక్తదోషములు మిగులుటకు కారణము అవి జ్వరమునుండి కాపాడుటయేనని జె.బి.ఎస్. హాల్డేను పండితుడు 1949లో ప్రకటించిన వ్యాసమున సూచించెను. ఆ సంవత్సరమే లైనస్ పాలింగ్, కొడవలి ఆకారమున వంగిపోవు రక్తకణముల రోగము హిమోగ్లోబిన్ అణువునందలి మార్పువలన కలుగునని నిరూపించెను. మనదేశమున ఆ లక్షణము 1952లో నీలగిరి ఆదివాసులలో కనుగొనబడినది. విశాఖ మన్యపు తెగలలోను అది కలదని తదుపరి పరిశీలనలు తెలిపినవి. 1954లో ఆలిసన్, తల్లిదండ్రులలో ఒక్కరినుండి ఈ లక్షణమును పొందినవారికి మలేరియానుండి కాపుదల కలుగునని చూపెను. ఇరువురినుండి పొందిన బిడ్డకో, కీళ్లనొప్పులు, రక్తహీనత, అల్పాయుష్షు. ఒక బిడ్డకు కవచమైనది తోబుట్టువునకు శాపమగుచున్నది.

హాల్డేను 1957లో మనదేశమునకు వచ్చి కలకత్తాలోను, పిమ్మట భువనేశ్వరములోను పనిచేసెను. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణగారు ఆయన శిష్యులై, గురువు చూపిన బాటనే పోయి, మలేరియాకును జన్యువులకును గల సంబంధముపై 2006లో ఒక సంకలన గ్రంథమును పావ్లో అరీసేతో కలిసి వెలువరించిరి. 1964 డిసెంబరు 1వ తేదీన హాల్డేను మరణించినప్పుడు, ఆయన కోరిక ననుసరించి ఆ దేహము కాకినాడ రంగరాయ వైద్యకళాశాల విద్యార్థుల అభ్యాసమున కీయబడినది. మన్యమునకు చేరువనున్న తెలుగుపట్టణమునకు ఆ పండితుని తుదికానుక అది.

స్వాతంత్ర్యము వచ్చిన దినములలో దేశమున ఏటా సుమారు 7.5 కోట్లమంది మలేరియాకు లోనగుచు 8 లక్షలమంది మరణించుచుండిరని అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమము, 1958లో నిర్మూలన కార్యక్రమము మొదలైనవి. డి.డి.టి. చల్లుటచే 1965 నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగినది. నిర్లక్ష్యమువలనను, మందులకు దోమలు తట్టుకొనుటవలనను 1976లో 64 లక్షలకు మరల పెరిగినది. 2021లోను, 2023లోను ప్రపంచారోగ్యసంస్థ రెండు టీకాలను పిల్లలకు సిఫారసు చేసినది. ఆ సంవత్సరమే, 2023లో, కొడవలికణ రోగనిర్మూలనకు మనదేశము జాతీయ కార్యక్రమము నారంభించినది.

కొండవారికి జ్వరము రాదనుట, వారి వాకిట దోమతెర, రక్తపరీక్ష, మందు అనవసరమనుటతో సమానము. వారి పెద్దల నిబ్బరము పసిబిడ్డల ప్రాణములతో కొనబడినది. అట్టి మూల్యము నిక నెవరును చెల్లింపకుండునట్లు చూచుటయే ఈ నూరేండ్ల పరిశోధనకు సార్థకత.