అతిథికి పూచీ ఎవరు? సౌదీ సందర్శక వీసా చరిత్రలో తెలుగువారు

రియాద్ నగరానికి ఆగ్నేయ దిశలో, తూర్పు వలయ రహదారిని ఆనుకుని సులై ప్రాంతం ఉంది. గోదాములు, లారీల మరమ్మతు షెడ్లు, ఇనుప సామాన్ల దుకాణాలు, కార్మికుల వసతి గృహాలు ఇక్కడ ఒకదాని పక్కన ఒకటి పరచుకుని ఉంటాయి. పనివాళ్ళలో భారత ఉపఖండంవారే ఎక్కువ. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచీ హైదరాబాదు పాతబస్తీ నుంచీ వచ్చినవారూ వారిలో ఉన్నారు. వీరిలో ఎవరు తమ భార్యనో తల్లినో మూడు నెలలపాటు తెచ్చి దగ్గర ఉంచుకోగలరో, ఎవరు అలా చేయలేరో చాలాకాలం తేల్చింది ప్రధానంగా వారి నివాస పత్రం మీద అచ్చయిన ఒక్క మాట. ఆ పత్రాన్ని తెలుగువారు అకామా అంటారు. ఆ మాట వారి వృత్తి పేరు. సౌదీ అరేబియాలో సందర్శక వీసా చరిత్ర చాలావరకు ఈ ఒక్క మాట చరిత్రే.

తెలుగు నేల నుంచి అరేబియాకు వెళ్ళిన తొలి సందర్శకులు హజ్ యాత్రికులు. హైదరాబాదు సంస్థానం నుంచి వెళ్ళేవారి కోసం నిజాం ప్రభువులు మక్కాలో రుబాత్ అనే వసతి గృహాలు ఏర్పాటు చేశారు. 1959లో భారతీయ రిజర్వు బ్యాంకు యాత్రికుల కోసం ప్రత్యేకంగా హజ్ నోట్లు అచ్చువేసింది. యాత్రికుడు దేవుని అతిథి అన్నది అక్కడి సంప్రదాయం. అతడి వృత్తి ఏమిటన్న ప్రశ్న ఆ ఆతిథ్యానికి అడ్డు కాలేదు. పని కోసం వచ్చినవాడు వేరొక చట్టం కిందికి వచ్చాడు.

ఆ చట్టం 1952 నాటి నివాస నిబంధనావళి. విదేశీయుడు దేశంలో ఉండాలంటే అతడికి పూచీపడే స్థానికుడు ఉండాలన్న సూత్రం దీనితో బలపడింది. అతడే కఫీల్. అమెరికాలో వలస, జాతీయతల చట్టం వచ్చినదీ 1952లోనే. నేటికీ అమెరికాలోని తెలుగు కుటుంబాలు అమ్మానాన్నల కోసం దరఖాస్తు చేసే సందర్శక వీసాకు ఆ చట్టమే ఆధారం. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండు చట్టాలూ సందర్శకుడిని రెండు భిన్నమైన దృష్టులతో చూశాయి.

అమెరికా చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం వచ్చే ప్రతివాడూ అక్కడే ఉండిపోదలచినవాడేనని మొదట భావించాలి. కాదని నిరూపించుకోవలసిన భారం దరఖాస్తుదారుది. అందుకే పొలం పట్టా, పెన్షను కాగితాలు, బ్యాంకు పుస్తకాలు పట్టుకుని తల్లిదండ్రులు కాన్సలేటు కిటికీ ముందు నిలబడతారు. 2009లో హైదరాబాదులో ఇంటర్వ్యూలు మొదలయ్యేవరకు అందుకోసం వారు చెన్నై దాకా వెళ్ళేవారు. కొడుకు జీతం, హోదా అక్కడ ఉపయోగపడవచ్చు కానీ అవే నిర్ణయాత్మకం కావు. సౌదీ పద్ధతిలో పరీక్ష తిరగబడింది. ఇక్కడ వచ్చే మనిషిని అడిగేది తక్కువ, పిలిచే మనిషిని అడిగేది ఎక్కువ. అతడి వృత్తి ఏమిటి, అతడి అకామా ఎన్నాళ్ళు చెల్లుతుంది, అతడి యజమాని సంతకం పెడతాడా అన్నవే అసలు ప్రశ్నలు.

దరఖాస్తు సాగే తీరు ఈ తర్కాన్నే అనుసరించింది. రియాద్‌లో పనిచేసే వ్యక్తి అరబీలో దరఖాస్తు నింపాలి. దానిపై సంస్థ అధికారి సంతకం, ఆ సంతకం సరైనదేనని వాణిజ్య మండలి ముద్ర ఉండాలి. ఆ తరువాతే కాగితం విదేశాంగ శాఖకు చేరుతుంది. అక్కడ అనుమతి లభిస్తే స్వదేశంలో భార్య తన పాస్‌పోర్టును సౌదీ దౌత్య కార్యాలయానికి పంపుకోవాలి. వివాహ ధ్రువపత్రం మీద రాష్ట్ర ప్రభుత్వం, ఢిల్లీలోని విదేశాంగ శాఖ, సౌదీ రాయబార కార్యాలయం వరుసగా ముద్రలు వేయవలసి ఉండేది. పెళ్ళిళ్ళ నమోదును తప్పనిసరి చేస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది 2002లో. అంతకుముందు ఊళ్ళో పందిరి కింద జరిగిన పెళ్ళికి శుభలేఖ తప్ప వేరే కాగితం లేని జంటలెన్నో. వారి విషయంలో వీసా కన్నా ముందు పెళ్ళినే నిరూపించవలసి వచ్చేది. తరువాతి కాలంలో దరఖాస్తు, వాణిజ్య మండలి ధ్రువీకరణ ఆన్‌లైనుకు మారాయి. కాగితం పోయినా యజమాని ఆమోదం కావలసిన మెట్టు మిగిలింది. భార్య రాక మూడో మనిషి మంచితనం మీద ఆధారపడిందన్నమాట.

ఇంజనీరు, డాక్టరు, అకౌంటెంటు వంటి వృత్తులవారికి ఈ మెట్లన్నీ ఎక్కగలిగినవే. అకామా మీద 'ఆమిల్', అంటే కూలీ, అని ఉన్నవాడికి చాలాకాలం మొదటి మెట్టే అందలేదు. దీనిలో ఇంకొక చిక్కు ఉంది. తెలుగు కార్మికులలో చాలామంది అకామాలో ఉన్న పని ఒకటి, నిజంగా చేసే పని మరొకటి. ఊరి ఏజెంటు ఏ వీసా దొరికితే ఆ వీసా అమ్మాడు. 'ఆజాద్ వీసా' పేరుతో వచ్చి, కఫీల్‌కు ఏటా కొంత చెల్లించి, బయట దొరికిన పని చేసుకున్నవారు ఎందరో. పదేళ్ళుగా గోదాము లెక్కలు చూస్తున్నవాడైనా కార్డు మీద కూలీగానే ఉండవచ్చు. కఫీల్‌ను విడిచి ఏ కాగితమూ లేక మిగిలినవారిని గల్ఫ్ తెలుగులో 'ఖల్లివెల్లి' అన్నారు. వారికి సందర్శకులను పిలిచే మాట అటుంచి తామే చట్టం కంటికి లేనివారు. నితాఖత్ విధానం అమలులోకి వచ్చాక 2013లో ఇచ్చిన గడువులో రుసుము లేకుండా వృత్తి పేరు మార్చుకునే వీలు కలిగింది. కార్డు మీది ఆ చిన్న దిద్దుబాటు కొందరికి కుటుంబాన్ని చూసుకునే దారి కూడా తెరిచింది.

తరువాతి దశలో వృత్తికి డబ్బు తోడయింది. 2016 అక్టోబరు నుంచి ఒకసారి ప్రవేశానికి వీసా రుసుము 2,000 రియాళ్ళయింది. చాలామంది కూలీలకు అది ఒక నెల జీతం కన్నా ఎక్కువ. 2018లో భారతీయులకు దానిని 300 రియాళ్ళకు తగ్గించారు. ఈలోగా 2017 జులైలో అకామాపై ఉన్న ప్రతి కుటుంబ సభ్యునికి నెలకు 100 రియాళ్ళ సుంకం మొదలై, ఏటా వంద చొప్పున పెరుగుతూ 2020 నాటికి 400కు చేరింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఏడాదికి 14,400 రియాళ్ళు. దానితో మధ్యతరగతి ఉద్యోగులు సైతం కుటుంబాలను ఇంటికి పంపారు. అంతవరకు నివాసులుగా ఉన్న భార్యాపిల్లలు ఆపైన సందర్శకులుగా రావడం మొదలైంది. ఏడాది చెల్లే వీసాతో వచ్చి, తొంభై రోజులు నిండబోతుండగా 1986లో తెరిచిన కింగ్ ఫహద్ వంతెన మీదుగా బహ్రెయిన్ వెళ్ళి, ముద్ర వేయించుకుని తిరిగి రావడం ఎన్నో కుటుంబాలకు వాడుకైంది. పర్యటనలా కనిపించే ఆ ప్రయాణం నిజానికి కాపురాన్ని మరో మూడు నెలలు పొడిగించుకునే ఉపాయం.

2019 సెప్టెంబరులో సౌదీ అరేబియా 49 దేశాలవారికి పర్యాటక వీసాలు తెరిచింది. ఆ జాబితాలో భారత్ లేదు. అయితే 2020 ఆరంభం నుంచి, అమెరికా, బ్రిటన్ లేదా షెంగెన్ వీసాను ఒకసారైనా వాడిన భారతీయులకు ఆ సౌకర్యం కలిగింది. తరువాత అమెరికా, బ్రిటన్, యూరపులలో నివాస హక్కు ఉన్నవారికీ విస్తరించింది. డాలస్‌లో స్థిరపడిన తెలుగు ఉద్యోగి రియాద్ విమానాశ్రయంలో దిగి, కఫీల్ సంతకం గానీ వాణిజ్య మండలి ముద్ర గానీ లేకుండా నగరం చూడవచ్చు. సులైలో పనిచేసే కూలీ భార్యకు అదే విమానాశ్రయం అంత దగ్గర కాలేదు. ఒక దేశపు నమ్మకం మరొక దేశపు తలుపు తీసింది. భర్త ఆ నగరంలోనే కష్టపడుతున్నాడన్న వాస్తవానికి ఆ శక్తి లేకపోయింది.

కూలీ కార్డు చాలాకాలం అనుమతించిన కుటుంబ సందర్శన ఒకటే. అది రెండేళ్ళకోసారి చుట్టీ మీద అతడు సొంత ఊరికి వెళ్ళి రావడం. దానికీ వీసా కావాలి. నిష్క్రమణ, పునఃప్రవేశ వీసా అని దాని పేరు. ఎన్ని రోజుల్లో తిరిగి రావాలో అందులో రాసి ఉంటుంది. 2021 మార్చి సంస్కరణల వరకు యజమాని ఒప్పుకోనిదే అది దొరికేది కాదు. ఆ సంస్కరణలు ప్రైవేటు సంస్థల కార్మికులకు వర్తించాయి. ఇంటి డ్రైవర్లు, గృహ సేవకులు, తోటమాలులు, గొర్రెల కాపరులు వాటి పరిధిలోకి రాలేదు. తల్లి ఒంట్లో బాగోలేదని కబురందిన ఇంటి డ్రైవరు ఊరికి బయలుదేరాలంటే ముందు యజమానినే అడగాలి.